రోడ్డు దిగిన చుక్క

మా ఇంట్లో దెయ్యాల మాటెత్తితే నాన్న ఊరుకునేవాడు కాదు. చర్చి పెద్ద ఆయన. పోయినవాళ్ళు దేవుడి దగ్గర ఉంటారు, మన చుట్టూ తిరగరు అనేవాడు. ఇంజనీరింగ్ చదివాక నేను దాని గురించి ఆలోచించడం కూడా మానేశాను. అందుకే ఇది రాయాలా వద్దా అని చాలాకాలం ఊగిసలాడాను.

మేముండేది కూర్మన్నపాలెం. దువ్వాడ దగ్గర కాలేజీలో పాఠాలు చెబుతూ సెల్‌ఫోన్ల మీద పరిశోధన చేస్తున్నాను. బండిలో వెళ్తూ మాట్లాడుతుంటే ఫోను ఒక టవర్ని వదిలి ఇంకో టవర్ని పట్టుకుంటుంది. ఎక్కడ పట్టుకుంటుందో ముందే అంచనా వేయగలిగితే మాట తెగిపోదు. దానికోసం మా ప్రాంతపు రోడ్ల పటం కంప్యూటర్లో పెట్టి, దాని మీద బళ్ళు తిప్పేదాన్ని. నిజం బళ్ళు కావు, తెర మీద చుక్కలు. ఏది ఎటు తిరగాలో చీట్లు తీసినట్టు ప్రోగ్రామే తేల్చుకుంటుంది. రోడ్డు దిగడానికి మాత్రం వీల్లేదు.

ఆ వానాకాలంలో ఒక చుక్క రోడ్డు దిగింది. దువ్వాడ దారి పక్కన, పటంలో ఏమీ లేని చోట ఆగిపోయింది. మళ్ళీ నడిపితే వేరే చుక్క వెళ్ళి అక్కడే ఆగింది. ఎన్నిసార్లు నడిపినా అంతే. మా గైడుగారు ప్రోగ్రాం అంతా చూశారు. తప్పేమీ దొరకలేదు.

ఆ రోజుల్లోనే మా పిన్ని కూతురు కరుణ భర్త ఏసుబాబు కనిపించకుండా పోయాడు. చిన్న వ్యానులో రేవు నుంచి గోపాలపట్నం మార్కెట్‌కి చేపలు వేసేవాడతను. ఖాళీ వ్యానుతో ఇంటికి బయల్దేరాడని మార్కెట్లో చూసినవాళ్ళు చెప్పారు. ఇల్లు మాత్రం చేరలేదు. ఫోను కలవలేదు. చివరిసారి తగిలిన టవర్ మా వైపుదే, కానీ దాని పరిధి పెద్దది, ఎక్కడని వెతుకుతాం అన్నారు పోలీసులు.

"ఎవర్తినో తీసుకుని పారిపోనాడంటన్నారక్కా" అంది కరుణ. "పిల్లల్నొదిలేసి ఆయనెల్తాడేటి?"

ఆమెకి జవాబు చెబుతుంటేనే చుక్క ఆగిన ఆ చోటు గుర్తొచ్చింది. ఆమె వెళ్ళాక మా ఆయనకి చెప్పాను. స్టీల్ ప్లాంటులో పని ఆయనకి, ఇలాంటివి అసలు పట్టించుకోడు.

"సుక్క సెప్పిందని ఎల్దామా?" అన్నాడు. నా మొహం చూసి, "సర్లే, పద. సూసొద్దాం" అని స్కూటర్ తీశాడు.

అక్కడ ఎప్పుడో కంకర తవ్వి వదిలేసిన గొయ్యి ఉంది. వాన నీళ్ళతో నిండి, పైన గుర్రపుడెక్క ఒత్తుగా అల్లుకుంది. రోడ్డు మీదికి నీళ్ళు కూడా కనబడవు. అంచున తుప్పలు విరిగి ఉన్నాయి. ఆకుల సందుల్లో నూనె రంగులు తేలుతున్నాయి. మా ఆయన వెంటనే పోలీసులకి ఫోన్ చేశాడు.

క్రేన్ వ్యానుని పైకి లాగినప్పుడు తలుపుల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఏసుబాబు స్టీరింగ్ ముందే ఉన్నాడు. పక్కన ఎవరూ లేరు. కరుణ ఏడవలేదు. చుట్టూ మూగినవాళ్ళ వైపు తిరిగి, "సూడండి, బాగా సూడండి" అని మాత్రం అరిచింది.

సమాధి అయ్యాక ప్రోగ్రాం నడిపాను. ఒక్క అక్షరం మార్చలేదు. ఏ చుక్కా రోడ్డు దిగలేదు. అప్పట్నుంచి ఇప్పటిదాకా దిగలేదు.

చుక్క సంగతి మా ఆయన చెప్పాడట, చాలా రోజుల తర్వాత కరుణ అడిగింది. "అక్కా, నీ కంప్యూటర్లో ఆ సుక్క మొదట ఎప్పుడాగినాది? ఆయన పడిపోయినప్పుడేనా?"

అవునన్నాను.

కాదు. మొదటిసారి ఆగిన రోజు నేను ఇంట్లోనే పని చేసుకుంటున్నాను. కరుణా, ఏసుబాబూ భోజనానికి వచ్చారు. తెర మీద ఆ చుక్క ఆగినప్పుడు అతను వెనక గదిలో మా పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చేపముళ్ళు ఏరి ముద్దలు పెడుతున్నాడు.

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. కరుణకి ఎలా చెప్పాలో అంతకన్నా తెలియదు.