కాదని కూడా రాయని కాగితం

మా పక్కింటి బడాబాబు పోయారన్న కబురు నాకు బస్సులో తెలిసింది. గరాచర్మ స్టాపు దాటగానే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, బడాబాబు పోయారే. పేపరు తీసుకోడానికి గేటు దాకా వచ్చి కూలబడిపోయారు" అన్నాడు. పక్క సీటులో ఎవరో దీదీ "క్యా హువా?" అని అడుగుతుండగానే లేచి తర్వాతి స్టాపులో దిగిపోయాను.

బడాబాబు అంటే ఇక్కడ, ఈ దీవుల్లో, ఆఫీసు హెడ్ క్లర్కు. ఆయన రిటైరై పదేళ్లు దాటింది, పేరు మాత్రం రిటైర్ కాలేదు. అర్జీ రాయాలంటే ఆస్టినాబాద్ నుంచి కూడా జనం ఆయన వరండాకే వచ్చేవారు. "ఈ దిక్కుమాలిన ఆఫీసోళ్లు" అని తెలుగులో తిట్టుకుంటూ, కాగితం మీద హిందీలో "సవినయ నివేదన్" అని ముత్యాల్లా రాసేవారు. కాగితాలకు పిన్ను గుచ్చనిచ్చేవారు కాదు. ట్యాగు కట్టాల్సిందే. మేం చేపల కూర పంపితే గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు, రెండు నిమ్మకాయలైనా వేసి పంపేవారు.

ఆయనకు మా ఇల్లు రుణపడింది మా తమ్ముడి అర్జీ వల్ల. వాడు చాతం నుంచి బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీలో తాళ్లు వేసి కట్టే పని చేసేవాడు. ఒకరోజు ఒక పోలీసు అధికారి బావమరిది ఫోను ఫెర్రీలో పోయింది. పక్కనున్న పాపానికి వీణ్ణి స్టేషన్‌కు తీసుకెళ్లి, ఆ అధికారే చెంపల మీద వాయించాడు. సాయంత్రానికి ఫోను ఆ బావమరిది సంచీలోనే దొరికింది. మా వాడి ఎడమ చెవి కర్ణభేరి మాత్రం చిరిగిపోయింది. ఈలలు వినపడనివాడు పడవ మీద పనికిరాడని వాణ్ణి గోడౌన్‌లో వేశారు.

కోర్టులో ఫిర్యాదు వేశాం. డ్యూటీలో ఉన్న అధికారి కాబట్టి, ముందు ప్రభుత్వం అనుమతి తెచ్చుకోమన్నారు. చెంప పగలగొట్టడం ఏ డ్యూటీలోకి వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బడాబాబు ఆ రోజు నవ్వారు. "సూసావా అమ్మా, కొట్టినోడి మీద కేసెట్టాలంటే కొట్టినోడి ఇంటి పెద్ద పర్మిషన్ ఇవ్వాలట!"

అనుమతి కోసం అర్జీ ఆయనే రాశారు. జవాబు వచ్చింది, ఫలానా పత్రం జతచేయలేదని. జతచేశాం. సంతకం సరిపోలలేదన్నారు. మళ్లీ చేశాం. సరైన మార్గంలో రాలేదన్నారు. కొత్త చట్టంలో దీనికి గడువు పెట్టారని విని వకీలు దగ్గరికి పరిగెత్తితే, మీది పాత కేసమ్మా అన్నాడు. నాలుగేళ్లు ఇలాగే గడిచాయి.

ఒకనాడు నేను విసిగిపోయి, "ఇవ్వం అని ఒక ముక్క రాసి పారేయొచ్చు కదండీ!" అన్నాను.

"రాయరమ్మా. ఇవ్వం అంటే నువ్వు పైకోర్టుకెళ్తావు. కాదని కూడా రాయకూడదు. ఏదో ఒక కొర్రీ ఎట్టి తిప్పి పంపాలి. అది మాకు పెద్దోళ్లు నేర్పిన విద్య." ఆ తర్వాతది నా మొహం చూడకుండా చెప్పారు. "నా సర్వీసులో ఒకావిడ ఇలాగే అర్జీ ఎట్టింది. ఆవిడ మొగుణ్ణి పోలీసులు కొట్టారు. సాబ్ ఫైలు నా టేబుల్ మీద పడేసి, 'దేఖ్ లో బడాబాబు' అన్నాడు. ఏటి సూడాలో నాకర్థమైపోయింది. నాలుగుసార్లు తిప్పాను. అయిదోసారి ఆవిడ రాలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి వచ్చేశాను. రెండు రోజులు వాళ్ల గుమ్మం తొక్కలేదు. మూడో రోజు వెళ్లాను. ఏం చేయను? మా ఫైలు తెలిసిన మనిషి ఆయన తప్ప ఇంకెవరున్నారు? వెళ్లేసరికి మా అర్జీయే మళ్లీ సాఫు రాస్తున్నారు. "ఆ పర్మిషన్ రూలు తీసెయ్యాలమ్మా" అన్నారు తలెత్తకుండా. "మంచి పోలీసుకి అది అక్కర్లేదు. చెడ్డోడికి ఇవ్వకూడదు." ఆయన్ని క్షమించానో లేదో నాకు తెలియదు. ఆయన చేసిన మేలు మాత్రం మరిచిపోలేను.

పదకొండో రోజు భోజనాలకు వాళ్ల పెరట్లో షామియానా వేశారు. రెండో బంతి వడ్డిస్తుండగా, ఆయన భార్య, మేం పిన్నిగారూ అని పిలిచే ఆవిడ, ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టారు. మా అర్జీకి జవాబులన్నీ ఆయన చిరునామాకే వచ్చేవి. విప్పాను. మెడికల్ సర్టిఫికెట్ నకలు స్పష్టంగా లేదట, మళ్లీ పంపాలట. ఈసారి ఎవరు రాస్తారు? హిందీ మాట్లాడతాను గానీ, ఆ 'సవినయ నివేదన్' తర్వాత ఏం రాయాలో నాకు చేతకాదు.

సాంబారు బకెట్టుతో వరసలో వెళ్తున్న తమ్ముడు ఆగి, "ఏటి రాశారక్కా?" అన్నాడు.

"సర్టిఫికెట్ సరిగ్గా కనపడటం లేదట" అన్నాను.

"ఏటి?"

మళ్లీ చెప్పాను. వాడికి అందలేదు. మూడోసారి అరిచేశాను. విస్తళ్ల ముందున్నవాళ్లంతా తింటున్న చేతులు ఆపి నా వైపు చూశారు. వాడు మాత్రం బకెట్టు కింద పెట్టి, దగ్గరికొచ్చి, కుడి చెవి నా నోటి దగ్గర పెట్టి నిలబడ్డాడు.