ఆయన దుప్పటి మీద పిల్లి

మొదట దోమలనుకున్నాను. చీలమండల చుట్టూ ఎర్రటి దద్దుర్లు, గోకితే మంట. పిల్లి కూడా కుదురుగా కూర్చోకుండా మెడ గోక్కుంటుంటే ఒళ్ళో వేసుకుని బొచ్చు విడదీశాను. పశువులకు పట్టే గోమార్లయితే పట్టుకుని వేలాడతాయి. ఇవి నల్లగా, నువ్వుగింజలో సగమంత ఉన్నాయి. వేలు పెట్టగానే ఎగిరి దూకాయి.

మాది వైరా వైపు. నా బడి ఉద్యోగం కోసం భద్రాచలం అడవి అంచున ఉన్న ఈ ఊరికి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. పిల్లిని తెచ్చింది మా ఆయన. వద్దని గొడవపడింది నేను. నిరుడు ఆయన పోయాక ఇంట్లో నా మాట వినేది, వినకపోయినా ఎదురుగా కూర్చునేది ఆ పిల్లి ఒక్కటే.

పెరట్లో ఇప్పచెట్టు ఉంది. పువ్వు రాలే కాలానికి ముందు ఊళ్ళో అందరూ చెట్టు కింది ఆకులకు నిప్పు పెడతారు. నేల శుభ్రమైతే పువ్వు ఏరడం తేలిక. మా ఆయన నిప్పు పెట్టనిచ్చేవారు కాదు, తనే ఊడ్చేవారు. ఈసారి ఊడ్చేవాళ్ళు లేరు. కాల్చేస్తానన్న పక్కింటి అక్కను నేనూ వద్దన్నాను. ఆకులు మోకాలెత్తు పేరుకున్నాయి.

"ఆ ఆకులల్ల ముంగిస కాపురం పెట్టింది టీచరమ్మా," అంది అక్క గోడ మీది నుంచి. "అది లేనప్పుడు నీ పిల్లి పోయి ఆడనే పండుతున్నది. పురుగులు గాడికెల్లే అంటినయ్. నువ్వు ఊడ్వవు, నన్ను కాల్చనియ్యవు. ఏంది మరి?"

మర్నాడు ఇద్దరం కలిసి ఊడ్చాం. ముంగిస కంచె దాటి పోయింది.

పశువుల దవాఖానాలో డాక్టరు పిల్లి మెడ మీద మందు చుక్కలు వేసి, "గిదొక్కటే చాలదు మేడమ్," అన్నాడు. "అది పండే బట్టలన్నీ మరిగే నీళ్ళల్ల వెయ్యాలె. గుడ్లన్నీ అండ్లనే ఉంటయ్."

పిల్లి పడుకునేది ఆయన దుప్పటి మీద. ఆయన పోయినప్పటి నుంచి దాన్ని నేను ఉతకలేదు. బీడీ వాసన, మోకాళ్ళకు రాసుకునే తైలం వాసన. ఆయన ఉన్నప్పుడు ఆ రెండింటికీ ముక్కు మూసుకున్నదాన్ని. ఇప్పుడు దాని కొసను ముఖం మీదికి లాక్కుంటే గానీ నిద్ర పట్టదు.

కొన్నాళ్ళు డాక్టరును తిట్టుకున్నాను. అతనికేం, చెప్పడం తేలిక. ఈలోగా నా బుగ్గ మీద కూడా దద్దుర్లు లేచాయి. పిల్లి మెడ దగ్గర బొచ్చు ఊడి పుండు పడింది. ఇక లాభం లేదని పెరట్లో పొయ్యి రాజేసి, మరిగే కాగులో దుప్పటి వేశాను. కర్రతో తిప్పుతుంటే నీళ్ళు మట్టిరంగుకు తిరిగాయి. ఆవిరితో పాటు ఆ వాసన ఒక్కసారి గుప్పుమంది, ఆపైన లేదు. గట్టిగానే ఏడ్చాను. అక్క వినే ఉంటుంది, గోడ దగ్గరికి మాత్రం రాలేదు.

సాయంత్రం ఆరిన దుప్పటి మంచం మీద పరవగానే పిల్లి ఎక్కి, చుట్టూ తిరిగి, ఎప్పటి చోటే ముడుచుకుంది. గోక్కోలేదు. నేనూ పక్కన ఒరిగి కొసను ముఖం మీదికి లాక్కున్నాను. సబ్బు వాసన, ఎండ వాసన. ఇన్నాళ్ళూ ఆ మంచం మీద ముగ్గురం. ఇప్పుడు ఇద్దరమే.