తీగల్ని పాముల్ని చేసిన గైడు

ఆ ఉదయం గైడు చొక్కాని అతని భార్య రెండుసార్లు ఇస్త్రీ చేసింది. పురావస్తు శాఖ పరీక్షాధికారి తానెవరో చెప్పకుండా సందర్శకుల్లో కలిసి వస్తారట. తప్పు చెబితే లైసెన్సు ఊడుతుంది.

"ఏవండీ, ఇవాళైనా ఆ పాముల కథ మానండి."

"నాకు తెలీదా ఏంటి?"

తెలుసు. కొండను తొలిచిన ఆ జైన గుహాలయంలో, ఒంటినిండా తీగలు అల్లుకున్నా తపస్సులో కదలకుండా నిలబడ్డ బాహుబలి శిల్పం ఉంది. కానీ తీగలంటే జనం ఆవలిస్తారు. పాములంటే పిల్లల్ని ఎత్తుకుని మరీ చూపిస్తారు. జనం సంతోషం కోసం గైడు ఏళ్ల తరబడి నిజాన్ని త్యాగం చేస్తూ వచ్చాడు. తోటి గైడ్లు అతనికి 'పాముల బావ' అని బిరుదు కూడా ఇచ్చారు.

అధికారిని పసిగట్టడం అతనికి చిటికెలో పని. మామూలు మనుషులు గుహలోకి వస్తూనే ఫోను తీస్తారు. శాఖవాళ్లు మాత్రం నీళ్లు కారుతున్నాయేమోనని ముందు కప్పుకేసి చూస్తారు. ఆ రోజు గుంపులో కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన గుమ్మం దాటగానే తల పైకెత్తాడు.

దొరికాడు!

గైడు ఇక ఆయన్ని వదల్లేదు. "శిల్పులు పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు సార్. ఒక్క దెబ్బ ఎక్కువ పడిందా, అతికించడానికి వేరే రాయి లేదు." కప్పులో విచ్చుకున్న తామర చూపించాడు. పాము పడగ కింద నిలిచిన పార్శ్వనాథ తీర్థంకరుణ్ణి చూపించి, పాములున్నది ఇక్కడే సార్ అని నొక్కి చెప్పాడు. బాహుబలి దగ్గర టార్చి పక్కనుంచి వేశాడు. మోకాలి మీద ఆకుల ఈనెలు లేచాయి. శిల్పంలోనే పక్కన నిలబడి అన్న ఒంటి మీది తీగను తప్పిస్తున్న చెల్లెలి వేళ్లు, ప్రతి వేలికీ గోళ్లు. ఇన్నేళ్లూ ఇవెక్కడ దాక్కున్నాయి? గైడు మాట మరిచిపోయి చూస్తుండిపోయాడు.

సరిగ్గా అప్పుడే, దారి పొడుగునా సెల్ఫీలు తీసుకుంటున్న ఆవిడ వెనకనుంచి అడిగింది.

"గైడుగారూ, ఆ కాళ్లకి చుట్టుకున్నవి పాములా?"

"పాములేనమ్మా," అంది అలవాటుపడ్డ నోరు. "కాస్త జరగండి, సార్ చూస్తున్నారు."

"మా ఆయనా టీవీ ముందు ఇలాగే కదలరు. తీగలు మొలవడమొకటే తక్కువ."

గైడుకి అది వినే తీరిక లేదు. బయటికొచ్చాక పెద్దమనిషి చేతులు పట్టుకున్నాడు.

"రిపోర్టు కాస్త దయగా రాయండి సార్."

"రిపోర్టేంటండీ? నేను స్లాబు లీకులు బాగుచేసే కాంట్రాక్టర్ని. ఎక్కడికెళ్లినా కళ్లు పైకే పోతాయి. ఒక్క చుక్క కారట్లేదు, భలే కట్టారు!"

"చెక్కారు సార్," అన్నాడు గైడు నీరసంగా.

సెల్ఫీల ఆవిడ సంచిలోంచి గుర్తింపు కార్డు తీసింది. "పాములేనన్నారు కదూ?"

లైసెన్సు మూడు నెలలు ఆపారు. అందాకా సందర్శకుల సంచులు దాచే గదిలో పని. మర్నాడు భోజనాల వేళ గైడు గుహ దగ్గరికి వెళ్లాడు, బాహుబలికి రెండో పక్కనున్న ఇంకో చెల్లెలి చేతులు కూడా చూడాలని. లైసెన్సు లేదు కాబట్టి టికెట్టు కొనమన్నారు.

కొన్నాడు.