జాజియా కడిగిన ట్యాంకు

జాజియా నా పక్కింటావిడ. భర్త లారీ నడిపేవాడు. ఆయన పోయేనాటికి ఆమెకు నలభై ఆరేళ్లు, స్టీరింగ్ ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ ఏడాదే డ్రైవింగ్ నేర్చుకుంది. పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. పన్నెండేళ్లుగా తన పాత కారులో మా ఊరి కిడ్నీ రోగులు ముగ్గురిని వారానికి మూడు రోజులు మెద్నిన్ పట్నంలోని ఆసుపత్రికి తీసుకెళ్తోంది. ఒక్క ట్రిప్పు కూడా తప్పలేదని చెప్పుకుంటుంది. అది నిజమే.

మొన్న ఏప్రిల్లో ఒక బుధవారం, డయాలసిస్ అయ్యాక తిరిగి వస్తూ సరిహద్దు దాటించి తెచ్చి రోడ్డు పక్కన డబ్బాల్లో చవగ్గా అమ్మే లిబియా పెట్రోలు పోయించుకుంది. ఎప్పుడూ కొనే మనిషి ఆ రోజు లేడు, వేరే ఎవరి దగ్గరో కొంది. పది కిలోమీటర్లు రాకముందే కారు కుదుపులు మొదలుపెట్టి ఆగిపోయింది. ఆమె మరిది లజ్హర్ తన పికప్‌కు తాడు కట్టి ఇంటిదాకా లాక్కొచ్చాడు.

మెకానిక్కుకు ఫోన్ చేస్తే సోమవారందాకా ఖాళీ లేదన్నాడు. లజ్హర్ పికప్ శుక్రవారం గొర్రెల సంతకు వెళ్లాలి. శుక్రవారం డయాలసిస్ తప్పితే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. కిందటేడు ఆసుపత్రిలో యంత్రం చెడిపోయి ఒక్క రోజు ఆలస్యమైతేనే ముసలి అమోర్ హాజీ కాళ్లు ఉబ్బిపోయి ఊపిరాడక అల్లాడిపోయాడు.

గురువారం పొద్దున్నే నన్ను పిలిచింది. ట్యాంకులోంచి చేతిపంపుతో తోడిన పెట్రోలు కొంత గాజు జాడీలో పోసి గోడ మీద పెట్టింది. కాసేపటికి పైన పసుపు రంగు తేలింది, అడుగున నాలుగు వేళ్ల మందాన నీళ్లు, వాటి కింద తుప్పు మడ్డి.

లజ్హర్ సిగరెట్‌తో లోపలికి వచ్చాడు. ఆమె వేలు వాకిలివైపు చూపించింది. బయటికెళ్లి ఆర్పేసి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"వదినా, ట్యాంకు దించడమంటే కుస్కుస్ వండటం కాదు."

"కుస్కుస్ కూడా నీకు రాదుగా లజ్హర్. ఆ పక్క పట్టుకో."

బ్యాటరీ తీగ ముందే విప్పేసింది. కారు వెనుక భాగం కింద దిమ్మలు పెట్టి, పాత పరుపు మీద వెల్లకిలా పడుకుని ట్యాంకు బోల్టులు ఒక్కొక్కటే ఊడదీసింది. ఎవరు నేర్పారని అడిగాను. భర్త పని చేసుకుంటుంటే ఇరవై ఏళ్లు పక్కన నిలబడి పానాలు అందించిందట. ఒక్కసారి కూడా తనను బిగించనివ్వలేదట. "చూడొద్దని మాత్రం అనలేదు," అంది.

ట్యాంకులో సబ్బునీళ్లు, గుప్పెడు గులకరాళ్లు వేసి మేం ముగ్గురం ఊపాం. ఎర్రటి నీళ్లు వచ్చాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఆమె మమ్మల్ని వదల్లేదు. చివరికి నా చేతులు పడిపోయాయి. లజ్హర్ ఇక చాలు వదినా అని నాలుగుసార్లు అన్నాడు. రాళ్లు లెక్కపెట్టి మరీ బయటికి తీసింది. మురికి నీళ్లను, పాడైన పెట్రోలును ఆలివ్ చెట్ల దగ్గర పోయనివ్వలేదు. డబ్బాల్లో పట్టి మూత బిగించి, మెకానిక్కు గ్యారేజీలో పాత నూనె పోసే పీపాకు పంపింది. ట్యాంకు మిద్దె మీద సాయంత్రందాకా ఎండింది. ఈలోగా సైకిల్ పంపుతో గొట్టాలు ఊది, కొత్త ఫిల్టర్ వేసింది. ట్యాంకు బిగించి, ఈసారి బంకు నుంచే తెప్పించిన పెట్రోలు పోసింది.

శుక్రవారం తెల్లవారుజామున వీధిలో సగం మంది గుమ్మాల్లో నిలబడ్డారు. మొదటిసారి తాళం తిప్పితే ఇంజను మూలిగి ఆగింది. రెండోసారీ అంతే. లజ్హర్ తలవంచుకుని చెప్పుల వైపు చూసుకున్నాడు. మూడోసారి పట్టుకుంది. కాసేపు తడబడి, తర్వాత స్థిరంగా ఆడింది.

ముందు సీట్లో కూర్చున్న అమోర్ హాజీ ఒకప్పుడు బావులు తవ్వేవాడు. "నీళ్లెక్కడున్నాయో చెప్పడమే నలభై ఏళ్లు నా పని," అన్నాడు. "పెట్రోల్లో నీళ్లు కనిపెట్టినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను తల్లీ."

ఆమె నవ్వలేదు గానీ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

ఏడింటికల్లా ఆసుపత్రి చేరారు. చేతులకు ఆ వాసనేమిటని నర్సు అడిగితే, ట్యాంకు కడిగానని మాత్రం చెప్పిందట. ఆ మధ్యాహ్నం సంత నుంచి వచ్చిన లజ్హర్ మా గుమ్మంలో నాతో కూర్చున్న జాజియా ముందు ఆగి, తన పికప్ కూడా కుదుపుతోందని మెల్లగా అన్నాడు.

"రేపు తీసుకురా," అంది జాజియా. "ఇవాళ నాకు నిద్రొస్తోంది."