బదులు కూర్చున్న పూట

ఓతీలియా గురించి ఎవర్నడిగినా ముందు ఆమె చేతివాటం గురించే చెప్తారు. మేరీలాండ్ తీరంలో మా దీవి మీద పీతలు ఒలిచే ఆడవాళ్లలో ఆమెను మించినది లేదు, నిజమే. కానీ నేను పందొమ్మిది సీజన్లు ఆమె పక్క మంచం మీద పడుకున్నదాన్ని. నన్నడిగితే కాయితాల సంచి గురించి చెప్తాను. రొట్టెలు చుట్టుకునే గుడ్డతో తనే కుట్టుకుంది. అందులో పాస్‌పోర్టు, వీసా, మేం పీతలు ఒలిచే షెడ్డు పేరున్న ఒప్పందం. ఎప్పుడూ మెళ్లోనే ఉండేది.

"నువ్వు మొగుణ్ణైనా మర్చిపోతావు గానీ ఆ సంచిని మర్చిపోవు అక్కా" అని ఏడిపించేవాళ్లం.

"మొగుడు బతికున్నది దీనివల్లేనే. నోరు మూసుకుని పని చూసుకోండి" అనేది.

ఆ మాట ఉత్తినే అన్నది కాదు. ఆమె మొగుడు దొమితీలోకి కిడ్నీలు పాడై ఆరేళ్లయింది. వారానికి రెండుసార్లు పట్నం తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. మా ఊరు మెక్సికోలో, ఇడాల్గో కొండల్లో. మొక్కజొన్న తప్ప ఇంకేం పండదు. ఆ పంటతో కడుపు నిండుతుంది గానీ ఆసుపత్రి ఖర్చు వెళ్లదు. మొదట్లో ఇల్లు గడవడానికి, ఇప్పుడు దీనికోసం, ఏటా ఏప్రిల్లో బస్సెక్కి ఇక్కడికి రావడం, నవంబరులో తిరిగి వెళ్లడం. ఆమె రావడం ఆగితే ఆయన డయాలసిస్ ఆగుతుంది. అంతే లెక్క.

మా వీసాలు మనుషులవి కావు, షెడ్లవి. ఏ షెడ్డు పేరు రాసుంటే అక్కడే కూర్చోవాలి. రోడ్డుకి అవతలి షెడ్డులో కత్తి పట్టుకున్నా తప్పే. కొత్తగా వచ్చిన పిల్లలకి ఈ సంగతి చెప్పి, మళ్లీ అప్పజెప్పించుకునేది కూడా ఓతీలియానే. అందుకే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పోయినేడు ఆగస్టులో గాలివాన పట్టి మా పడవలు కదల్లేదు. పీతలు లేవు, మా షెడ్డుకి సెలవు. ఎదురు షెడ్డుకి మాత్రం ఎక్కడినుంచో లారీ నిండా వచ్చాయి. పొద్దున్నే ఎర్మెలిండా మా వంటింట్లోకి వచ్చింది. మా ఊరిదే, ఎదురు షెడ్డులో పని. పీత పెంకు బొటనవేలికి గుచ్చుకుని, మోచేతిదాకా వాచి, జ్వరంతో వణికిపోతోంది.

"రెండ్రోజుల్నించీ నా గిన్నె నిండట్లేదక్కా. ఈవేళ కూడా కూర్చోకపోతే బస్సెక్కించేస్తారు" అంది. అక్కడ వారం చివర ఒలిచిన కండ బరువు తగ్గితే ఇంటికి పంపేస్తారు. ఆ మాటకొస్తే మా దగ్గరా అంతే.

ఓతీలియా ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. "అబ్బో, ఇది చెయ్యా, సొరకాయా? వెళ్లి నా మంచం మీద పడుకో. ఆ ఏప్రన్ ఇలా తే."

నేను ఆ ఏప్రన్ లాక్కోబోయాను. "అక్కా, మతి గానీ పోయిందా? అది వేరే షెడ్డు!"

"పనికెళ్తున్నానటే నేను? బదులుకెళ్తున్నా."

బదులంటే మా ఊళ్లో వేరే సంగతి. ఒకరు మంచాన పడితే ఇంకొకరు వెళ్లి వాళ్ల చేను చేసిపెడతారు. రేపు మనం పడితే వాళ్లొస్తారు. దానికి కూలి ఇవ్వబోతే మొహాన కొట్టినట్టే. దాన్ని పని అని ఎవరూ అనరు. అది నేనెరగనా? కానీ ఆ మాట ఇక్కడివాళ్లకి ఎవరు చెప్పారు?

"మా అమ్మ చనిపోయిన ఏడు నా చేను కోసింది ఎర్మెలిండా కాదటే? నువ్వా?" అంది ఓతీలియా ఏప్రన్ కట్టుకుంటూ.

"అప్పుడు నాకు నడుం నొప్పి."

"నీకు నడుం నొప్పి లేనిదెప్పుడు గనక" అని నవ్వి, రోడ్డు దాటి వెళ్లిపోయింది.

అక్కడి మేస్త్రీ చూశాడు, చూడనట్టు పోయాడు. స్టూలు ఖాళీగా లేదు, అతనికి అది చాలు. మధ్యాహ్నం నేను చిక్కుళ్లు పెట్టి చుట్టిన రొట్టెలు పట్టుకెళ్లాను. వెనక తలుపులోంచి వెళ్లి ఇంకా రొట్టెల గిన్నె కింద పెట్టలేదు, ముందు గుమ్మం దగ్గర రెండు కార్లు ఆగాయి. ఇమిగ్రేషన్ వాళ్లు. నలుగురు ఆఫీసర్లు, మా మాట తెలిసిన ఒక అమ్మాయి. కత్తుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

వెనక తలుపు తెరిచే ఉంది. కాయితాల్లేని పిల్లలిద్దరు అందులోంచే జారుకున్నారు. ఓతీలియా కూడా జారుకోవచ్చు. కళ్లతో సైగ చేశాను, పో పో అని. మహాతల్లి కదిలితేనా! కాయితాలున్నదాన్ని నేనెందుకు పారిపోవాలి అన్నట్టు చూసింది. వాళ్లు అడక్కముందే చేతులు కడుక్కుని, సంచి విప్పి అందించింది.

ఆఫీసరు చదివి ఏదో అన్నాడు. "ఇందులో వేరే షెడ్డు పేరుందే?" అనడిగింది ఆ అమ్మాయి.

"అవునమ్మా. నా షెడ్డు అదే, ఎదురుగా. పందొమ్మిదేళ్లుగా అక్కడే."

"మరి ఇక్కడేం పని చేస్తున్నారు?"

"పని కాదు తల్లీ. ఎర్మెలిండాకి ఒంట్లో బాలేదు. ఆమెకి బదులు కూర్చున్నా."

"మీకు ఎంతిస్తారు?"

"ఛీ ఛీ, డబ్బెవరు తీసుకుంటారు దీనికి!"

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. మంచి పిల్లే, మాట మార్చడానికి అవకాశం ఇచ్చిందనుకుంటా. ఓతీలియాకి మార్చాల్సినదేమీ కనపడలేదు. పొద్దున్న ఎన్నింటికొచ్చిందో, ఎన్ని గిన్నెలు నింపిందో కూడా చెప్పింది. కొంచెం గొప్పగానే చెప్పింది. ఆఫీసరు అంతా రాసుకున్నాడు. అతని దృష్టిలో పేరు లేని షెడ్డులో కత్తి పట్టుకోవడమే నేరం. డబ్బు తీసుకోకపోయినా అంతే.

తర్వాత నావైపు తిరిగాడు. నువ్వెవరివి అని.

"ఎర్మెలిండాకి రొట్టెలు తెచ్చాను" అన్నాను. "ఈవిణ్ణి నేనెరగను."

పందొమ్మిది సీజన్లు. ఆ మాట ఎలా వచ్చిందో తెలీదు, వచ్చేసింది. ఓతీలియా నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. "అవునమ్మా, ఆవిడకేం తెలీదు. పంపించెయ్యండి" అంది ఆ అమ్మాయితో.

వీసా మీద అడ్డంగా గీత కొట్టారు. తనంతట తనే వెళ్లిపోతున్నట్టు సంతకం పెట్టించుకున్నారు. వారం తిరక్కుండా ఊరు చేరింది. ఎర్మెలిండాని ఎవరూ ఏమీ అనలేదు, ఆ వారం ఆమె గిన్నెల బరువు సరిపోయింది. ఈ ఏడు వీసాకని ఓతీలియా అందరితోపాటు వీసా ఆఫీసున్న మోంతెర్రేకి వచ్చి వరసలో నిలబడింది. కిటికీ దగ్గర కాదనడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మేం ఇటు బస్సెక్కాం, ఆమె అటు ఎక్కింది.

కొత్త పిల్లలకి పాఠం చెప్పేది ఇప్పుడు నేను. "ఇక్కడ బదులూ గిదులూ లేవు. ఎవరి స్టూలు వాళ్లది, ఎవరి గిన్నె వాళ్లది" అని గట్టిగా చెప్పాను. బుద్ధిగా విన్నారు.

జూన్లో పెంకు నా మణికట్టుకి గుచ్చుకుంది. పదిరోజులు వాపు తగ్గలేదు. మా షెడ్డులో ఒక్కతీ తన గిన్నెలోంచి పిడికెడు కండ తీసి నా గిన్నెలో వెయ్యలేదు. ఎర్మెలిండా చారు కాచి తెచ్చింది. నేల చూస్తూ ఇచ్చి, నేల చూస్తూ వెళ్లిపోయింది. ఎవర్నేమనను? చెప్పిందే నేను. వచ్చే శనివారం నాకు బస్సు అని మేస్త్రీ చెప్పాడు.

నిన్న ఓతీలియా ఫోన్ చేసింది.

"చెయ్యి వాచిందటగా. నీ స్టూల్లో ఎవరు కూర్చున్నారే?"

"ఎవరూ కూర్చోలేదక్కా."

"మనూరివాళ్లు ఎంతమందున్నారక్కడ?"

"ఇరవై ముగ్గురం."

నేను మాట మార్చి, దొమితీలోకి ఎలా ఉందని అడిగాను. వారానికి ఒక్కసారే తీసుకెళ్లగలుగుతోందట. కాళ్లకి నీరు పట్టిందట. ఎక్కువ రోజులు లేవు ఎవోడియా, అంది. ఏడవలేదు.

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. "నీ తమ్ముడు చూస్తానన్నాడు గానీ చూళ్లేదే. నీ చేను నిండా కలుపే" అంది. "మొన్న ఈయన్ని ఆసుపత్రినించి తెచ్చి పడుకోబెట్టి, నేనూ చెల్లీ వెళ్లి తీసేశాం. నువ్వు దాని గురించి బెంగ పెట్టుకోకు."