ఇన్వర్టర్ మీద కంపైలర్

తెలంగాణ కోసం సమ్మె. బొగ్గు ఆగింది, కరెంటు ఆగింది, మా సిరిసిల్ల వీధిలో సాంచలు, అదే మా మరమగ్గాలు, మూగబోయాయి. కాలేజీ బందు కాబట్టి ఈ రోజు ఇంట్లో కూర్చుని కంపైలర్‌ను సోర్స్ కోడ్ నుంచి కడుతున్నాను. మనం రాసిన ప్రోగ్రామును కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. పాతదానితో కొత్తది కట్టాలి, ఆ కొత్తది మళ్లీ తనను తాను కట్టుకోవాలి. గంటల పని. ఇన్వర్టర్ చూస్తే అడుగంటుతోంది.

అప్పుడే పక్కింటి లచ్చవ్వ చిన్నమ్మ ఆవిరి పట్టే మిషన్‌తో వచ్చింది. వెనకే గోడ పట్టుకుంటూ చిన్నాయన. ఏళ్ల తరబడి సాంచలు నడిపి, నూలు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైన మనిషి. మిషన్, కంప్యూటర్ రెండూ నడిస్తే బ్యాటరీ తట్టుకోదు.

"ఒక్క అర్ధగంట ఆగరాదా చిన్నమ్మా, అయిపోవచ్చింది" అన్నాను.

"నేనైతే ఆగుత బిడ్డా. గాయనకే దమ్ము అందుతలేదు."

కంప్యూటర్ ఆపేశాను. ఆపితే పోయేదేమీ లేదని, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుందని నాకు ముందే తెలుసు. అయినా ఆ మాట అన్నాను చూడండి!

సాయంత్రం కరెంటు వచ్చింది. ఒక్క పదం కొట్టగానే నా కంపైలర్ ఆగిన చోటి నుంచి అందుకుంది. గోడ అవతల సాంచలూ మొదలయ్యాయి. చిన్నాయన లేచి, తువ్వాల ముక్కుకు చుట్టుకుని పనికి పోయాడు.

కరెంటు వచ్చినందుకు మీలో ఎవరికైనా ఎప్పుడైనా బాధేసిందా?