హవల్దారూ, జంపఖానా ముక్కా

డ్రిల్లు సారు మహాదేవప్పకు ఒకటే పిచ్చి. ప్రాణమున్నది ఏది కంటపడినా దానికి శిక్షణ ఇచ్చేదాకా ఆయనకు తిన్నది అరగదు. ముప్పై నాలుగేళ్లు జహీరాబాద్ పిల్లలకు ఎడమ కాలేదో కుడి కాలేదో నేర్పి రిటైరైన మనిషి. బడి వదిలాడు గానీ నేర్పడం వదల్లేదు. బెత్తం మాత్రం ఏనాడూ పట్టలేదు. ఆయన ఆయుధమల్లా చొక్కా ఎడమ జేబులో ఉండే పల్లీపట్టి. ఎవరైనా ఒక పని సవ్యంగా చేశారా, "శబాష్!" అని ఒక కేక, అరచేతిలో ఒక ముక్క.

ఈ శబాష్ బారిన పడనివాళ్లు ఊళ్లో తక్కువ. ఝరాసంగం షేర్ ఆటో డ్రైవరు ఒకడు, ఏ కళనున్నాడో గానీ, సీట్లు ఎన్నో అంతమందినే ఎక్కించుకొని బయలుదేరాడు. సారు ఆనందం పట్టలేక ఆటో వెంట పరిగెత్తి, ఆపించి మరీ ముక్క చేతిలో పెట్టాడు. ఆటో ఆగిన ఆ నిమిషంలో ఇంకో ముగ్గురు ఎక్కేశారు. నల్లా వాల్వు తిప్పే చంద్రప్ప చెప్పిన వేళకే నీళ్లు వదిలిన రోజైతే సారు రెండు ముక్కలు పట్టుకొని వాల్వు దగ్గరికే పోయాడు. చంద్రప్ప వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గింతేనా సారూ?"

"లంచం కాదయ్యా, బహుమానం."

"అదే సారూ. బహుమానం గింతేనా?"

నలభై రెండేళ్ల కాపురంలో ఆయన శిక్షణకు లొంగని ప్రాణి ఒక్క గిరిజమ్మేనని ఊరంతా అనుకునేది. గిరిజమ్మ కూడా అలాగే అనుకునేది. భర్త ఇచ్చిన పల్లీపట్టిని ఆమె ఒక్కనాడూ నోట పెట్టలేదు. పుట్టిల్లు బీదర్ వైపు కాబట్టి ఆయనను "రీ" అని పిలుస్తుంది. "రీ, నేనేమన్న మీ బళ్లె చదివే పోరినా?" అంటూ ఆ ముక్కను కొంగున ముడేసుకునేది. తర్వాత గేటు ముందు ఎవరు కనబడితే వాళ్లకు ఇచ్చేసేది.

అలాంటి గిరిజమ్మ కుడి కంట్లో పొర వచ్చింది. జొన్నల్లో రాళ్లు ఏరమంటే రాళ్లు ఉంచి జొన్నలు పారేస్తున్నది. ఒకనాడు మేకుకు తగిలించిన చొక్కాను భర్త అనుకొని, కరెంటు బిల్లు కట్టడం మరిచిపోయినందుకు పావుగంట దులిపి వదిలింది. వెనక నుంచి వచ్చి అంతా విన్న మహాదేవప్ప, ఎదురు మాట్లాడకుండా నిలబడినందుకు ఆ చొక్కా జేబులో ఒక పల్లీపట్టి వేశాడు.

కంటి డాక్టరు ఒక్కసారే చూశాడు. "అమ్మా, పొర ముదిరింది. ఈ చలికాలం దాటనియ్యొద్దు. దాటితే మాకూ కష్టం, మీకూ కష్టం" అన్నాడు. గిరిజమ్మకు కత్తి అన్న మాట వింటేనే హడలు. దవాఖాన గేటు దాటి ఆ రోజు ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. అటు తర్వాత ఆ వీధి మొఖం చూడలేదు. కానీ భయమని ఒప్పుకుంటే ఆమె గిరిజమ్మ ఎందుకవుతుంది? నెపం పిల్లి మీద పెట్టింది.

ఆ ఇంట్లో హవల్దార్ అనే నల్లమచ్చల పిల్లి ఉంది. పేరు సారు పెట్టినది. పేరుకు తగ్గ గుణం దానిలో ఒక్కటీ లేదు. తెల్లారగానే గిరిజమ్మ గుండెల మీదికి దూకి, కనురెప్పల మీద కాలితో తట్టి లేపడం దాని ఉద్యోగం. ఆపరేషన్ అయ్యాక నెల రోజులు పిల్లి మొఖం దగ్గరికి రాకూడదని డాక్టరు అననే అన్నాడు.

"దీన్ని రాయికోడ్ పంపుదమా, మా అన్నోళ్లింటికి?" అన్నాడు మహాదేవప్ప.

"నన్నే పంపున్రి. దాన్నొదిలి నేనుండ. అది ఒక్క జాగల కుదురుగ కూసున్ననాడు నేను ఆపరేషన్‌కు వస్త. కావాల్నంటే రాసిస్త."

పిల్లి ఒక్కచోట కూర్చోదని ఆమె ధీమా. మహాదేవప్ప లోపలికి పోయి పాత హాజరు రిజిస్టరు తెచ్చి, నిజంగానే రాయించుకొని సంతకం పెట్టించుకున్నాడు.

మర్నాటి నుంచి శిక్షణ మొదలైంది. ఫోన్లో ఎవరో దొరసాని వీడియో. చాప పరిచింది, చిటికె వేసింది, పిల్లి వచ్చి కూర్చుంది, తిండి పెట్టింది. మొత్తం మూడు నిమిషాలు. ఆ పిల్లి పుట్టిందే ఆ చాప మీద కాదని చెప్పడానికి సాక్షులెవరూ లేరు. సారు మాత్రం ఆ వీడియోను పదకొండుసార్లు చూసి, పెళ్లినాటి జంపఖానాను గిరిజమ్మ చూడకుండా కత్తిరించి వరండాలో పరిచాడు. చూశాక ఆమె అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

"నీకు తెల్వదు గిరిజా. పెద్ద పని ఒక్కపారి చెయ్యమంటె ఏ ప్రాణి గూడ చెయ్యదు. మొదలు ఆ దిక్కు చూస్తె సాలు, ఒక ముక్క. తర్వాత కాలు పెడితె ఒక ముక్క. కూసుంటె ఇంకో ముక్క. గుంజొద్దు, భయపెట్టొద్దు. నా అంతట నేనే వచ్చిన అని అది అనుకోవాలె."

"అట్ల అనుకోనీకి అదేమన్న గంత పాగల్దా?" అంది గిరిజమ్మ.

వీడియో దొరసాని చేపలు పెట్టింది. వీళ్లది తరతరాలుగా నీసు ఎరగని ఇల్లు. సారు నెయ్యి రాసిన జొన్నరొట్టె తునకలు పెట్టాడు. హవల్దార్ వాటిని వాసన చూసి, మట్టి కప్పుతున్నట్టు ముందు కాలితో నేలను గీరి వెళ్లిపోయింది. పల్లీపట్టి పెడితే దానితో ఇల్లంతా బంతాట ఆడింది. మీగడ మాత్రం దానికి ప్రాణం. కానీ సారు మీగడ గిన్నెతో కూర్చునే సరికి పిల్లి పొట్ట పగిలేలా తిని, మూతి నాకుతూ కునుకు తీస్తుండేది. వంటింట్లో ముందే గిన్నెడు మీగడ పోస్తున్నది ఎవరో వేరే చెప్పాలా? మొగుడి ఎదుట మాత్రం గిరిజమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకొని, "పాపం, ఎంత తండ్లాడుతున్రు! అది మొండిదిరీ" అనేది.

ఇన్ని ఓటములు పడుతున్న మనిషికి కాస్త ఊరట కావాలి కదా. "గిరిజా, వేడి జిలేబీ తిని చాన దినాలాయె. నడువు" అన్నాడు ఒక బేస్తవారం. మంజునాథ్ జిలేబీ బండి రోడ్డుకు ఈ పక్కన, కంటి దవాఖానకు సరిగ్గా ఎదురుగా. గిరిజమ్మకు అనుమానం వచ్చి దవాఖాన వైపు వీపు పెట్టి నిలబడి తింది. ఆయన దవాఖాన మాటే ఎత్తలేదు. మరుసటి బేస్తవారం కూడా ఎత్తలేదు. జిలేబీ మాత్రం పాకం కారుతూ, కరకరలాడుతూ అమోఘంగా ఉంది.

ఇటు పిల్లి సంగతి ముదిరింది. ఎదురింటి హనుమమ్మ రోజూ ఈ వేడుక చూసి చూసి ఆగలేకపోయింది. "సారూ, అది పిల్లి. సన్యాసి కాదు. ఎండు రొయ్య చూపెట్టున్రి, నడుచుకుంట వస్తది."

"నీసు ఈ గేటు లోపటికి వస్తె నేను బీదర్ బస్సెక్కుత" అని గిరిజమ్మ వంటింట్లోంచే తీర్పు చెప్పింది.

గేటు లోపలికి రాకూడదంతే కదా! సారు జంపఖానా ముక్కను చంకన పెట్టుకొని హనుమమ్మ వాకిట్లోకి మారాడు. మూతికి తువ్వాల చుట్టుకొని, మొఖం పడమటికి తిప్పి, పట్టుకారుతో ఒక్కొక్క రొయ్యను గాల్లో పట్టుకునేవాడు. హవల్దార్ ఒక్క పూటలో జంపఖానా మీద కూర్చోవడం నేర్చింది. చిక్కల్లా ఒకటే. హనుమమ్మ వాకిట్లో తప్ప ఇంకెక్కడా కూర్చోదు.

దానికీ సారు దగ్గర ఉపాయం ఉంది. జంపఖానాను రోజుకు ఒక మూరెడు ఇంటివైపు జరపడం. వారం తిరిగేసరికి అది గల్లీ నడుమకు వచ్చింది. నడిరోడ్డు మీద ఒక పెద్దమనిషి, ఒక పట్టుకారు, ఒక పిల్లి. పాలబండి పక్కకు తిరిగి పోయింది. బైకులు పక్కకు తిరిగి పోయాయి. తిరిగిపోయిన ప్రతి బైకువాడికీ ఒక పల్లీపట్టి దొరికింది. దాంతో, అవసరం లేనివాళ్లు కూడా ఆ గల్లీలోంచి పోవడం మొదలుపెట్టారు. గేటు దగ్గరయ్యే కొద్దీ సారు రొయ్యలు తగ్గిస్తూ మీగడ పెంచాడు. రొయ్యల ఆశకు పిల్లి వంటింటి గిన్నె ముట్టకుండానే వచ్చేసేది. గడప చేరేనాటికి అంతా మీగడే.

"ఏం పిల్లిరీ ఇది!" అంది గిరిజమ్మ ఆ వారం. "జర మీగడ కోసం ఎక్కడికి తీస్కపోతే అక్కడికి పోతది. సిగ్గుండాలె!"

ఈ మాట ఆమె దవాఖాన ఆవరణలోని బెంచీ మీద కూర్చొని, నోటినిండా జిలేబీతో అంది. ఎందుకంటే మంజునాథ్ బండి ఇప్పుడు దవాఖాన గేటు ముందుకు వచ్చింది. అక్కడ బేరాలు బాగుంటాయి కాబోలునని గిరిజమ్మ అనుకుంది. గేటు బయట ఎండ, లోపల రేకుల నీడ, నీడలో బెంచీ. ఇందులో అనుమానించడానికి ఏముంది? ఆపై వారం రేకుల కింద ఈగలు ఎక్కువగా ఉన్నాయని లోపల ఫ్యాను కింద కూర్చున్నారు. అనిత అనే నర్సు చల్లటి నీళ్లిచ్చి, "మీ చీర బాగుందమ్మా" అంది. ఇంకో వారం అనితతో మాటల్లో పడి డాక్టరు గదిలోని తిరిగే కుర్చీలో కూర్చొని, రెండు చుట్లు తిరిగి, నవ్వుకుంటూ ఇంటికి వచ్చింది.

నలభయ్యో రోజు పరీక్ష. గిరిజమ్మ మంచం పక్కన జంపఖానా పరిచారు. "హవల్దార్, బైఠో!" అన్నాడు సారు. పిల్లి వచ్చి కూర్చుంది. కుక్కర్ మూడు కూతలు కూసినా కదల్లేదు. గిరిజమ్మ వంటింట్లోంచి మీగడ గిన్నె టంగుమని మోగించింది. చెవి ఒకటి కదిలింది గానీ పిల్లి కదల్లేదు. ఆ రాత్రంతా అక్కడే ముడుచుకొని పడుకుంది. తెల్లారి ఆమె కళ్లు తెరిచేసరికి గుండెల మీద బరువు లేదు. కింద జంపఖానా మీద హవల్దార్ బుద్ధిగా కూర్చొని చూస్తున్నది. పిల్లి నమ్మకద్రోహం చేసింది.

"ఈ వారం నెలగంట పెడ్తరు, ముగ్గులెయ్యాలె" అంది. "ఈ వారం వడియాలు" అంది. సారు వాదించలేదు. హాజరు రిజిస్టరు తెచ్చి బల్ల మీద తెరిచి పెట్టాడు, అంతే. అలా ఇంకో మూడు బేస్తవారాలు గడిచాయి. జిలేబీకి మాత్రం ఒక్క వారమూ నాగా పడలేదు. ఆఖరుకు ఆమే విసుక్కుంది. "సరే పదున్రి. మాటిచ్చి తప్పేదాన్ని కాదు. నా అంతట నేనే వస్తున్న, మీరు చెప్తే కాదు."

దవాఖానలో అనిత చీటీ రాస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏదైతేనేం, వచ్చిన్రమ్మా! సార్ ఎనిమిది బేస్తవారాల సంది నాకు ముందుగాల ఫోన్ చేస్తున్రు. 'ఈ వారం గేటు దాకనే, పలకరించకు' అంటరు. 'ఈ వారం బెంచీ, ఈ వారం కుర్చీ. లోపలికి రమ్మని మాత్రం అనకు' అంటరు. మంజునాథ్‌ను గేటు కాడికి జరిపింది గూడ సారే."

గిరిజమ్మ మెల్లగా భర్త వైపు తిరిగింది. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"రీ, నన్ను పిల్లిని చేసిన్రా?"

"పిల్లికి నలభై దినాలే పట్టింది" అన్నాడు మహాదేవప్ప ఫ్యాను మీంచి చూపు దించకుండా. "నీకు రెండు నెలలు."

ఆమెకు కోపం వచ్చింది. నాలుగు మాటలు అందామని నోరు తెరిచింది కూడా. కానీ అదే కుర్చీ, అదే ఫ్యాను, అదే అనిత. ఇన్నాళ్లు గుండెల్లో కూర్చున్న భయం కోసం లోపల వెతుక్కుంటే అది ఎక్కడా దొరకలేదు. ఏ జిలేబీతో మింగేసిందో మరి! ఈ మనిషి నలభై రెండేళ్లలో తనను ఒక్కసారీ భయపెట్టలేదు, గుంజలేదు అన్న సంగతి అప్పుడే తట్టి, ఆయన మీద పొంగుకొచ్చిన ప్రేమను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "చాయ్ తాగున్రి పోయి" అని కసిరి లోపలికి నడిచింది.

ఆపరేషన్ జరిగినంతసేపూ ఆమెకు బయట కాన్వాసు బూట్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు. వేలమంది పిల్లలను "విశ్రామ్" అని ఒక్క కేకతో నిలబెట్టినాయనకు ఆ చిన్న పని చేతకాలేదు.

కంటికి కట్టుతో అనిత చెయ్యి పట్టుకొని బయటికి వచ్చింది గిరిజమ్మ. ఎదురుగా తెల్ల చొక్కా ఒకటి మసకగా కనబడింది. మేకుకు వేలాడేది కాదు, వణుకుతున్నది.

"సార్ అప్పటి సంది కూసోలేదమ్మా. చాయ్ గూడ ముట్టలె" అంది అనిత.

గిరిజమ్మ బెంచీ వైపు వేలు చూపించింది. "కూసోన్రి."

"ఎట్లున్నది గిరిజా? నొప్పున్నదా? డాక్టరు ఏమన్నడు..."

"ముందుగాల కూసోన్రి."

మహాదేవప్ప బెంచీ అంచున కూర్చున్నాడు. గిరిజమ్మ తడుముకుంటూ కొంగు ముడి విప్పి, అందులోంచి పల్లీపట్టి ముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"శబాష్!"

డ్రిల్లు సారు ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఊరందరికీ పంచినవాడే గానీ, ఆయన చేతిలో ఎవరైనా ఒకటి పెట్టడం ఇదే మొదటిసారి. బుద్ధిగా నోట్లో వేసుకున్నాడు.

"జర మెత్తబడ్డది" అన్నాడు నములుతూ.

"కదలకుండ కూసోన్రి," అంది గిరిజమ్మ ఆయన పక్కన కూర్చుంటూ, "ఇంకోటి ఇస్త."